కొమ్ములున్న డబ్బా
గేమింగ్ రౌటర్ అని పేరు పెట్టి, చుట్టూ యాంటెన్నాలు నిలబెట్టి, ఎర్ర లైట్లు తగిలిస్తే ధర పెరుగుతుంది గానీ పింగ్ తగ్గదు. హైదరాబాద్‌లో వాలరెంట్ ఆడే కుర్రాడి తూటా ముంబై సర్వర్ దాకా వెళ్లి రావాల్సిందే, ఆ దూరాన్ని ఏ డబ్బా కుదించలేదు. పైగా చాలా ఆటలకు 1 ఎంబీపీఎస్ వేగం కూడా నిండుగా అక్కర్లేదు. అసలు గొడవ ఇంట్లోనే ఉంది: అక్క ఫోన్ పెళ్లి ఫొటోలన్నీ క్లౌడ్‌కి ఎక్కిస్తుంటే రౌటర్‌లో ప్యాకెట్లు బారులు తీరతాయి, తమ్ముడి తూటా ఆ వరసలో చివర నిలబడుతుంది. దీనికి విరుగుడుగా 2012లోనే క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్‌లు కోడెల్ అనే పద్ధతి చెప్పారు. దాన్నుంచి పుట్టిన ఎఫ్‌క్యూ-కోడెల్, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సాఫ్ట్‌వేర్ నడిచే చవక రౌటర్లలోనూ దొరుకుతుంది. కాబట్టి అట్టపెట్టె మీది అంకెలు వదిలేసి, ఈ వరసల్ని చక్కదిద్దే ‘ఎస్‌క్యూఎం’ (స్మార్ట్ క్యూ మేనేజ్‌మెంట్) ఉందా అని అడగండి (షాపతను తెల్లమొహం వేస్తే ఆశ్చర్యపోకండి). వైఫైయే దిక్కయితే 5 గిగాహెర్ట్జ్ వాడాలి, అదీ రౌటర్ ఉన్న గదిలోనే కూర్చుని; ఎందుకంటే 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డురాని చానళ్లు మూడే, అపార్ట్‌మెంట్‌లో పైవాళ్లూ కిందివాళ్లూ వాటినే పంచుకోవాలి. నన్నడిగితే ముందు గోడ వెంట ఒక క్యాట్ 6 లాన్ కేబుల్ లాగించి, మిగిలిన డబ్బు మంచి హెడ్‌ఫోన్‌కి పెట్టమంటాను.