పచ్చిక లెక్కకు కాపరి సాక్షి కాడా?



సరకు తూచునపుడు కొనువాడును అమ్మువాడును కాటా యెదుట నిలువవలెను. ఒక్కడే తూచి వ్రాసికొన్న చిట్టాను రెండవవా డెన్నడును ఒప్పుకొనడు. అంగడివీథిలో బాలురకైనను తెలిసిన ధర్మమిది. కాని మేతభూముల విషయమున ప్రభుత్వశాఖలు ఈ ధర్మమును విస్మరించినవి. గడ్డి యెంత గలదో, ఎన్ని జీవాలు మేయవచ్చునో, భూమి చెడినదో బాగుపడినదో నిర్ణయించునది కచ్చేరీ. ఏడాది పొడవున ఆ భూమిపై నడచు కాపరి మాటకు కచ్చేరీ పుస్తకమున ఒక్క పంక్తియైనను చోటు లేదు.

నేను చిత్రదుర్గము జిల్లాలో పూర్వులనాడే స్థిరపడిన కుటుంబమువాడను. ఇరువది యేండ్లుగా ఉన్ని, కంబళ్ల వ్యాపారము చేయుచున్నాను. గత వేసవిలో ఒక అధికారి ఎండిన బయలును జీపులోనుండియే చూచి, బీడు అని వ్రాసికొని పోయెను. ఈ సంగతి విని నా అంగడిలో కూర్చున్న వృద్ధ కాపరి నవ్వి, "చిత్తకార్తె పోయినాంక రమ్మను స్వామీ, మోకాలెత్తు గడ్డి సూపిస్తా" అనెను. భూమి ఒక్కటే, చైత్రమున బీడు, కార్తికమున పచ్చిక. ఏ నెలలో చూచితిమో తెలుపని లెక్క లెక్కయే కాదు.

బీడు అను ఆ ఒక్క మాట ఖరీదెంతో చళ్లకెరె తాలూకా చెప్పగలదు. అచటి అమృతమహల్ కావళ్లు మైసూరు ప్రభువులు తమ ఫిరంగులను లాగు ఎడ్లజాతి కొరకు ప్రత్యేకించిన మేతబయళ్లు. ఒకప్పుడు సంస్థానమంతట అట్టివి 4 లక్షల ఎకరములకు పైబడి యుండెను. నేడు మిగిలినది స్వల్పభాగము. చళ్లకెరెలోనే సుమారు 10,000 ఎకరములు రక్షణ, అణుశక్తి, అంతరిక్ష, విజ్ఞాన సంస్థలకును ఇతరులకును కేటాయింపబడెను. తమతో సంప్రదింపలేదని గ్రామస్థులు మొఱపెట్టుకొనిరి. వ్యాజ్యము జాతీయ హరిత న్యాయాధికరణము వరకు పోయెను. దేశమునకు విజ్ఞానము వలదని నేననను. ఆ పచ్చికపై ఎన్ని మందలు బ్రతుకుచున్నవో ఉభయులు కలిసి ముందే వ్రాసికొన్న ఆవర్జా యేదియని మాత్రమే అడుగుచున్నాను. అట్టి పుస్తకమున్నచో దానిని బీడనుటకు ఎవరికి నోరాడును?

అమెరికా పశ్చిమ రాష్ట్రముల సంగతి చూడుడు. అచట ప్రభుత్వ భూనిర్వహణ శాఖ క్రింద 15 కోట్ల ఎకరములకు పైగా మేతకు అనుమతింపబడినవి. అడ్డులేని మేపుడుచే భూములు క్షీణింపగా 1934లో టేలర్ మేతచట్టము చేసిరి. నేడు అనేక తావులలో అధికారియు పశుపాలకుడును కలిసి పరిశీలన సాగించుచున్నారు. ఏటేట అదే గుర్తు వద్ద నిలిచి ఛాయాచిత్రము తీయుదురు. మేయగా మిగిలిన గడ్డి ఎత్తు కొలుతురు. పశువులు వచ్చిన తేదీని, పోయిన తేదీని వ్రాయుదురు. అచట అంతయు సామరస్యమే యని నేను చెప్పను. 2014లో నెవడాలో మేతరుసుము తగవు తుపాకుల వరకు పోయెను. అయినను కొలత ఉన్నచోట తగవు కొలతమీద నడచును. లేనిచోట అధికారముమీద నడచును.

"కాపరులు స్వార్థపరులు, మందలు పెంచి భూమిని పాడుచేయుదురు, వారి సాక్ష్యమేల?" అని కొందరు పెద్దమనుష్యులు అందురు. అతిగా మేపినచోట భూమి చెడుట నిజమే. తంగేడు దట్టమగుచున్నదన్న మేత తరుగుచున్నదని అందరికంటె ముందెరుగువాడు కాపరియే. పచ్చికను మ్రింగుచున్న సర్కారు తుమ్మకు ఆ పేరెట్లు వచ్చెనో కూడ ఆ పెద్దమనుష్యులు ఒక్కసారి ఆలోచింతురు గాక! స్వార్థమున్న వర్తకుని సైతము కాటాయే కదా నిజాయితీలో నిలుపునది!

2006 నాటి చట్టము అటవీభూములలో స్థిర, సంచార కాపరుల మేతహక్కును గుర్తించి, రక్షణభారమును గ్రామసభకును ఒప్పగించినది. హక్కు కాగితముపై నున్నది. లెక్క మాత్రము ఏకపక్షముగనే యున్నది. కనుక మేము కోరునది స్వల్పము. ప్రతి కావలులోను కొన్ని గుర్తురాళ్లు నాటవలెను. వానలకు ముందొకసారి, వెనుకొకసారి ఉభయులు కలిసి కొలువవలెను. గడ్డి, తంగేడు, తుమ్మ, మందల సంఖ్య వ్రాసి ఇరువురును వ్రాలు చేయవలెను. ఒక ప్రతి పంచాయతీలో నుంచవలెను. దానిని కన్నడమున వ్రాసి, తెలుగు మాత్రమే వచ్చిన కాపరికి తెలుగున చదివి వినిపించి, పిమ్మటనే వేలిముద్ర గొనవలెను.

రాష్ట్రమున వాడుకలో నున్న ఏ భాషలోనైనను అర్జీ పెట్టుకొను హక్కును రాజ్యాంగము 350వ అధికరణమున ఇచ్చినది. చదువుకొన్న మనవారు, అంగళ్లున్న మనవారు ఆ అర్జీలు వ్రాసి పెట్టుటకు పూనుకొనవలెను. కురుబ, గొల్ల సోదరులు తెచ్చు ఉన్నితో మన పెట్టెలు నిండుచుండగా, వారి పచ్చిక పోవునపుడు మనము కాటా ప్రక్కన మౌనముగా నిలుచుట వర్తకధర్మమునకే కళంకము.