నల్లమల అంచు పొలాల్లో జింకల సమస్య: నష్టాన్ని కొలవడం మన బాధ్యత

పెద్దదోర్నాల, అర్ధవీడు, రాచర్ల, గిద్దలూరు మండలాల్లో నల్లమలను ఆనుకొని పొలం ఉన్న రైతుకు విత్తనశుద్ధి, ఎరువుల మోతాదు, తెగుళ్ల నివారణ గురించి ఎంత వివరించినా చివరకు అతడు అడిగేది ఒకటే: “అవన్నీ సరే, రాత్రిపూట దిగే దుప్పులకు ఏం చేయమంటారు?” దీనికి మనలో చాలామంది ఇచ్చే సమాధానం “అది అటవీశాఖ వారు చూడవలసిన విషయం” అన్నది. చట్టరీత్యా ఇందులో తప్పులేదు. వ్యవసాయ శాస్త్ర దృష్టితో చూస్తే మాత్రం ఇది సగం సమాధానమే. జంతువు అటవీశాఖ పరిధిలోనిది. పంట మన పరిధిలోనిది. ఆ పంటకు జరిగిన నష్టాన్ని శాస్త్రీయంగా కొలిచే పనిని వ్యవసాయ విశ్వవిద్యాలయం తనదిగా స్వీకరించాలన్నదే ఈ వ్యాసంలో నా ప్రతిపాదన.

ఈ మాట ఇప్పుడే చెప్పడానికి కారణం ఉంది. వన్యప్రాణుల వల్ల కలిగే పంట నష్టాన్ని ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో స్థానిక నష్టాల కింద అదనపు రక్షణగా చేరుస్తామని, 2026 ఖరీఫ్ నుండి ఇది అమలవుతుందని కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ 2025 నవంబరులో ప్రకటించింది. రైతు 72 గంటల్లోగా స్థలవివరాలు నమోదైన ఛాయాచిత్రాలతో బీమా యాప్ ద్వారా నష్టాన్ని తెలియజేయాలి. ఏ జంతువులు ఈ జాబితాలో ఉండాలో, ఏ జిల్లాలు లేదా బీమా యూనిట్లు ముప్పులో ఉన్నాయో రాష్ట్ర ప్రభుత్వాలు గత సమాచారం ఆధారంగా నిర్ణయించాలి. ఇక్కడ కీలకమైన మాట “గత సమాచారం”. రైతు మంచె మీద కూర్చొని గడిపిన రాత్రులు అతని జ్ఞాపకంలో ఉంటాయి గాని దస్త్రాల్లో ఉండవు. లెక్క లేని నష్టం ఏ జాబితాలోకీ ఎక్కదు.

కొలతకు ముందు ఏ జంతువును గురించి మాట్లాడుతున్నామో స్పష్టత ఉండాలి. వాడుకలో జింక, దుప్పి అన్న మాటలు అనేక జంతువులకు చెల్లుతున్నాయి. జీవశాస్త్రరీత్యా చుక్కల దుప్పి, కణితి నిజమైన జింకల కుటుంబానికి చెందినవి. వీటిలో మగవాటికే కొమ్ములుంటాయి. అవి నిర్ణీత కాలానికి రాలి, మెత్తని నూగుచర్మం కప్పుకొని మళ్లీ మొలుస్తాయి. కృష్ణజింక, నాలుగు కొమ్ముల జింక, మనుబోతు పశువుల కుటుంబానికి చెందినవి. వాటి కొమ్ములు జీవితాంతం రాలవు. ఈ భేదం పాఠ్యపుస్తకానికే పరిమితమైనది కాదు. కృష్ణజింక బహిరంగ మైదానాల్లో బ్రతుకుతుంది. కణితి కొండవాలు అడవిలో ఒంటరిగానో చిన్న గుంపుగానో తిరుగుతూ ఎక్కువగా రాత్రివేళ మేస్తుంది. చుక్కల దుప్పికి అడవీ గడ్డిమైదానమూ కలిసే అంచు అంటే ఇష్టం. ఒకదానికి పనిచేసిన ఉపాయం మరొకదానికి పనిచేయకపోవడానికి కారణం ఇదే.

నల్లమల అంచున చుక్కల దుప్పి జీవనాన్ని పరిశీలిస్తే సమస్య స్వరూపం కొంత తేటపడుతుంది. ఇది గడ్డి మేస్తుంది, ఆకు తింటుంది, రాలిన పండ్లను ఏరుకుంటుంది. కొండముచ్చులు చెట్టుపై నుండి రాల్చిన ఆకులకోసం వాటి కిందనే తిరుగుతుంది. ఉసిరికాయను మింగి, నెమరు వేసేటప్పుడు గింజను ఉమ్మివేస్తుంది. ఆ విధంగా అడవిలో ఉసిరి వ్యాప్తికి తోడ్పడుతుంది. నీరు దాదాపు ప్రతిదినమూ కావాలి. గర్భధారణ కాలం సుమారు ఎనిమిది నెలలు. సాధారణంగా ఈతకు ఒక్క పిల్ల. ఈతలు ఏడాది పొడవునా ఉంటాయి. వేసవిలో వాగులు ఎండి, గడ్డి కార్చిచ్చుకు కాలిపోయి, మిగిలిన మేతను మందలు మేసినప్పుడు బోరుబావి కింద పచ్చగా ఉన్న మడి దుప్పికి అడవిలో భాగంగానే కనిపిస్తుంది. పైగా పులి, రేచుకుక్క జనసంచారం ఉన్న చోటికి రావడానికి జంకుతాయి. కాబట్టి ఊరి అంచు దుప్పికి మేతతోపాటు కొంత భద్రతను కూడా ఇస్తుంది.

“సంఖ్య తగ్గించండి” అన్న కోరిక రైతు నోట రావడం సహజం. కాని ఒక మగ దుప్పి అనేక ఆడవాటితో జతకట్టే జాతిలో కొన్ని మగవాటిని తొలగించినా పుట్టే పిల్లల సంఖ్య తగ్గదు. పంటలోకి వచ్చేవి కొన్ని మందలే అయినప్పుడు అడవి మొత్తం మీద సంఖ్య తగ్గించినా అంచున ఆకర్షణ అలాగే ఉంటుంది. మరొక లెక్క కూడా ఉంది. ఒక పులి ఏడాదికి సుమారు 50 గిట్టల జంతువులను చంపుతుందని, అది అందుబాటులో ఉన్న ఆహారంలో దాదాపు పదోవంతని కె. ఉల్లాస్ కారంత్ పరిశోధనలు తెలిపాయి. అంటే ఒక పులికి దాదాపు 500 జంతువుల ఆధారం కావాలి. 2022 అంచనా ప్రకారం మన రాష్ట్రంలోని పులులు 63. వాటికి 31,500 జంతువులు ఉండాలి. రాష్ట్రంలోని పులుల్లో అత్యధిక భాగం నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలోనివే. అక్కడ దుప్పి తగ్గితే పులి పశువుల కొట్టం వైపు చూస్తుంది. అప్పుడు నష్టపోయేది మళ్లీ అదే రైతు.

అయితే రైతు నష్టాన్ని పట్టించుకోకుండా సంరక్షణ ఒక్కటే సాగితే ఏమవుతుందో మన పొరుగునే ఉదాహరణ ఉంది. నల్లమలకు అవతల, నేటి నంద్యాల జిల్లాలోని రోళ్లపాడులో బట్టమేకపిట్ట కోసం 1988లో అభయారణ్యం ఏర్పాటు చేశారు. రక్షణ వల్ల అక్కడ కృష్ణజింకలు పెరిగాయి. చుట్టుపక్కల పొలాల్లో పంట తిన్నాయి. రంజిత్ మనకదన్, అసద్ రహ్మానీ ఈ నష్టాన్ని పరిశీలించి ప్రచురించారు. జింక వల్ల నష్టపోయిన రైతుకు అభయారణ్యం పేరే గిట్టకుండా పోయింది. ఏ పక్షి కోసం దానిని ఏర్పాటు చేశారో ఆ పక్షి నేడు అక్కడ దాదాపు కనుమరుగైంది. దానికి కారణాలు అనేకం; రైతు ఆదరణ కోల్పోవడం వాటిలో చిన్నదేమీ కాదు. వేటాడే జంతువు లేని చోట ఏమవుతుందో అండమాన్ దీవులు చూపుతున్నాయి. బ్రిటిష్‌వారి కాలంలో అక్కడికి తెచ్చిన చుక్కల దుప్పి విపరీతంగా పెరిగి, అడవిలో లేత మొక్కలు ఎదగకుండా చేస్తున్నది. కనుక అడవిలో పులీ ఉండాలి, అంచున రైతుకు న్యాయమూ జరగాలి.

ఇక కొలత సంగతి. మొదటి మెట్టు, నష్టం చేసింది ఎవరో గుర్తించడం. జింకకు పైదవడలో ముందుపళ్లు లేవు. కనుక అది కొరికిన కాడ చివర పీచుపీచుగా చిరిగి ఉంటుంది. కుందేలు కొరికిన చోట కత్తితో ఏటవాలుగా కోసినట్లు ఉంటుంది. అడవిపంది నేలను పెళ్లగిస్తుంది, పైరును తొక్కి పడవేస్తుంది. డెక్కల గుర్తులు, పెంటికలు కూడా సాక్ష్యాలే. వీటిని రైతుకు, గ్రామ వ్యవసాయ సహాయకునికి ఒక్కరోజు శిక్షణలో నేర్పవచ్చు.

రెండవ మెట్టు మరింత ముఖ్యమైనది. కంటిచూపు అంచనా ఇరువైపులా తప్పుతుంది. కందిని ఉదాహరణగా తీసుకుందాం. తలలు తుంచితే పక్కకొమ్మలు ఎక్కువ వస్తాయని రైతుకు చెబుతున్నది మనమే. లేత దశలో దుప్పి చివళ్లు కొరికిన చేను చూడడానికి పాడైనట్లున్నా తేమ ఉంటే కోలుకోవచ్చు. పూత, పిందె దశలో అదే మేత జరిగితే చేను పచ్చగానే కనిపిస్తుంది గాని గింజ దక్కదు. మొదటి సందర్భంలో నష్టం ఎక్కువగా, రెండవ సందర్భంలో తక్కువగా నమోదవుతుంది. దీనికి పరిష్కారం మనకు తెలిసిన ప్రయోగమే: పొలంలో ఒక చిన్న మడికి గట్టి కంచె, దాని పక్కనే అంతే మడి కంచె లేకుండా, రెండింటి దిగుబడి తేడాయే నష్టం. అడవి అంచు నుండి వేర్వేరు దూరాల్లో, కంది, వేరుశనగ, అలసంద వంటి పంటల్లో రెండు మూడు సంవత్సరాలు ఇలా కొలిస్తే పంట దశను బట్టి నష్టపు పట్టిక తయారవుతుంది. బీమా మదింపుదారుకు, అటవీ అధికారికి, రైతుకు ముగ్గురికీ అదే ఆధారం.

కొలిచినంత మాత్రాన దుప్పి ఆగుతుందా అన్న ఆక్షేపణ రావచ్చు. ఆగదు. కాని ఏ ఉపాయం ఎంత ఫలితమిచ్చిందో కొలత లేకుండా తెలియదు. పాత చీరలు కట్టడం, శబ్దాలు చేయడం కొన్నాళ్లే పనిచేస్తాయి; జంతువు అలవాటుపడుతుంది. దుప్పి సుమారు 1.5 మీటర్ల ఎత్తు దూకగలదు, అయినా సందు దొరికితే కంచె కిందుగా దూరిపోవడానికే మొగ్గుతుంది. అందువల్ల కంచె ఎత్తుతోపాటు కింది తీగకూ నేలకూ మధ్య ఖాళీని చూడాలి. అంచు సాళ్లలో జింకలు సాధారణంగా ముట్టని ఆముదం వేసి, ఇష్టమైన పైర్లను లోపలికి జరపడం పరీక్షించదగిన పద్ధతి. నేరుగా కరెంటు తీగ లాగడం మాత్రం ఏ పరిస్థితిలోనూ సమర్థనీయం కాదు. అది దుప్పినే కాదు, పులినీ, పక్క పొలం రైతునూ చంపుతుంది. పరిహారం అందుతుందన్న నమ్మకం లేని రైతే ఆ తీగ వైపు చేయి చాస్తాడన్నది కూడా మనం మరువకూడదు.

రాబోయే మార్పును కూడా గమనించాలి. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు 4.47 లక్షల ఎకరాలకు నీరివ్వాలన్న లక్ష్యంతో రూపొందింది. కాలువల్లో నీరు పారినప్పుడు ఈ మెట్టప్రాంతంలో వేసవిలోనూ పైరు ఉంటుంది. రైతు దశాబ్దాలుగా ఎదురుచూస్తున్న ఆ పచ్చదనం అడవి అంచున దుప్పికి కూడా పిలుపే అవుతుంది. నీరు రాకముందు స్థితిని ఇప్పుడే నమోదు చేయకపోతే తరువాత పోల్చుకోవడానికి ఏమీ మిగలదు.

కనుక దర్శి కృషి విజ్ఞాన కేంద్రం, విశ్వవిద్యాలయ విస్తరణ విభాగం, మార్కాపురం, గిద్దలూరు అటవీ అధికారులు కలిసి అంచు గ్రామాల్లో జంట మడుల పరిశీలన ప్రారంభించాలి. స్నాతకోత్తర విద్యార్థులకు ఇది మంచి పరిశోధనాంశం. అడవి జాడలు చదవడంలో చెంచులకున్న నేర్పును గౌరవవేతనంతో ఇందులో వినియోగించుకోవాలి. తెగులు సోకిన ఆకును రైతు తెచ్చినప్పుడు మనం “మా పరిధి కాదు” అనము. దుప్పి కొరికిన కాడను తెచ్చినప్పుడు కూడా అనకూడదు.