గీత సరే, దూరం సంగతేంటి?

గోల్ఫ్ అనగానే "డబ్బున్నోళ్ళ ఆట, నీకెందుకురా" అనేవాళ్ళు కాసేపు ఆగండి. ఆ గొడవ ఇంకోసారి పెట్టుకుందాం. ఇవాళ నా కోపం గోల్ఫ్ ఆడేవాళ్ళ మీదే, నాతో సహా.

మొన్న మా ఆఫీసు వాళ్ళం కలిసి ఆడిన పోటీలో నేను 5 సార్లు త్రీపట్ చేశా. అంటే తంటాలు పడి గ్రీన్ మీదకి చేరుకుని, అక్కణ్ణుంచి బంతిని గుంటలో వెయ్యడానికి మూడేసి దెబ్బలు. ఓడిపోయింది 2 దెబ్బల తేడాతో! తర్వాత టీ తాగుతుంటే ఒక పెద్దాయన "నీకు లైన్ చూడ్డం రావట్లేదు బాబూ, ముందు ఆ పట్టర్ మార్చు" అన్నారు. పక్కనున్నాయన "అబ్బే, ఫీల్ అనేది పుట్టుకతో రావాలండీ" అని తేల్చేశారు. ఇద్దరూ నాకంటే బాగా ఆడేవాళ్ళే. కానీ ఇద్దరు చెప్పిందీ తప్పే.

ఎందుకో చూడండి. కప్పు 40 అడుగుల దూరంలో ఉంది. మీరు 2 డిగ్రీలు పక్కకి కొట్టారు (ఇది చిన్న పొరపాటేం కాదు). వేగం సరిపోతే బంతి కప్పుకి ఓ 17 అంగుళాల పక్కన ఆగుతుంది. కళ్ళు మూసుకుని వేసెయ్యొచ్చు. ఇప్పుడు గీత తప్పలేదు, వేగమే 10 శాతం ఎక్కువైంది అనుకోండి. గడ్డి మీద దొర్లే బంతి ఇంచుమించు ఒకే రేటున నెమ్మదిస్తుంది కాబట్టి, అది వెళ్ళే దూరం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. ఇంటర్ ఫిజిక్సే, కంగారు పడకండి. 10 శాతం వేగం అంటే 21 శాతం దూరం. బంతి కప్పు దాటి 8 అడుగుల పైన పోయి కూచుంటుంది. 10 శాతం తగ్గితే ఏడున్నర అడుగులు ఇవతలే ఆగిపోతుంది. ఎనిమిదడుగుల పట్ అంటే పీజీఏ టూర్ వాళ్ళే రెండింటికి ఒకటి మిస్ చేస్తారు. మనమెంత?

ఇది నా సొంత గోల కాదు. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ టూర్ షాట్ల లెక్కలన్నీ తవ్వి, 2014లో 'ఎవ్రీ షాట్ కౌంట్స్' అని పుస్తకం రాశాడు. టూర్ ఆటగాళ్ళకే సుమారు 33 అడుగుల దగ్గర సగటు రెండు పట్లు పడుతుందట. అంత దూరం నుంచి వాళ్ళు మొదటి దెబ్బకే వేసేది పదిలో ఒకటి కూడా ఉండదు. మరి మనం 40 అడుగుల దగ్గర ముందూ వెనకా మోకాళ్ళ మీద కూచుని, ఒక కన్ను మూసి, పట్టర్ ని గాలిలో వేలాడదీసి ఏం చూస్తున్నట్టు? వెనకాల నలుగురు ఎదురుచూస్తుంటారు, అది వేరే.

నేను డబ్బు కట్టి నేర్చుకున్న క్లాసుల్లోనూ ఇదే తంతు. గంటలో 50 నిమిషాలు గీత. కింద అద్దం, పైన దారం, బంతి మీద స్కెచ్ పెన్ గీతలు. దూరం గురించి అడిగితే "అది ఫీల్ సార్, ఆడగా ఆడగా వస్తుంది". ఎందుకిలా? నాకర్థమైంది ఒక్కటే. గీతని అమ్మొచ్చు. అద్దం అమ్మొచ్చు, గీతలున్న పట్టర్ అమ్మొచ్చు, గీతలున్న బంతి అమ్మొచ్చు. దూరాన్ని ఏ డబ్బాలో పెట్టి అమ్ముతారు?

ఇంకో మంత్రం ఉంది, "కప్పు దాటని పట్ ఎప్పటికీ పడదు" అని. నిజమే, 6 అడుగుల దగ్గర. ఒకప్పుడు నాసాలో పనిచేసిన డేవ్ పెల్జ్ కూడా కప్పు దాటి 17 అంగుళాలు పోయే వేగం మంచిదన్నాడు. కానీ 40 అడుగుల దగ్గర మన పొరపాటే అటూ ఇటూ 8 అడుగులుంటే, ఆ మంత్రం చదువుకుని ఇంకాస్త గట్టిగా కొట్టడం కోరి తద్దినం తెచ్చుకోవడమే.

మరేం చెయ్యాలి? చేతులు గడియారం లోలకంలా ఊగుతున్నాయనుకోండి. లయ మార్చకుండా వెనక్కి తీసే పొడవు రెట్టింపు చేస్తే వేగం రెట్టింపవుతుంది, దూరం నాలుగు రెట్లు. అంటే 10 అడుగుల పట్ కి, 40 అడుగుల పట్ కి తేడా రెండింతల ఊపే! మనమేమో మూడింతలు వెనక్కి లాగి, దారిలో భయపడి, బంతి దగ్గరికొచ్చేసరికి బ్రేకు వేస్తాం. అది ఒకసారి 30 అడుగులు పోతుంది, ఒకసారి 55. మన చేతులు అచ్చంగా లోలకం కాదు, ఒప్పుకుంటా. అయినా లయ ఒకటే ఉంచి పొడవు మార్చుకుంటే సగం రోగం కుదురుతుంది. బంతి పట్టర్ మధ్యలో తగలకపోతే ఈ లెక్కలన్నీ దండగ, అదీ గుర్తుంచుకోండి.

వాలు సంగతి కూడా చెప్పాలి. స్టింప్ మీటర్ మీద 9 అడుగులు చూపే గ్రీన్ లో, చదునుగా ఉంటే 40 అడుగులు పోయే దెబ్బ 2 శాతం ఎత్తుకి కొడితే 33 దగ్గరే ఆగుతుంది, పల్లానికైతే 52 పోతుంది. అంత చిన్న వాలుకే! దాన్ని పాదాలతో నడిచి తెలుసుకోవాలి, కన్ను మూసి కాదు. చలికాలం పొద్దున్నే మంచు తడి ఉన్నప్పుడు కొట్టినట్టు పదింటికి కొడితే బంతి ఎక్కడ తేలుతుందో మీకూ అనుభవమే అయ్యుంటుంది.

ఇక "పుట్టుకతో వచ్చే ఫీల్". నాకు దూరం నేర్పింది మా క్యాడీ అన్న. నా బ్యాగు మోస్తూ మోస్తూ ఒకరోజు విసుగొచ్చి అన్నాడు: "సార్, బాల్ దిక్కు చూసుకుంట ఊపుతరేంది? గుంత దిక్కు చూసుకుంట ఊపుండ్రి." బంతి పక్కన నిలబడి, కప్పుని చూస్తూ మూడు సార్లు ఉత్తుత్తిగా ఊపడం. చేత్తో గోలీ దొర్లించేటప్పుడు చెయ్యి వైపు చూస్తామా, గుంట వైపు చూస్తామా? తర్వాత ఒకే చోటు నుంచి పది బంతులు కొట్టడం మాన్పించాడు. ఒకటే బంతి, ప్రతిసారీ కొత్త దూరం. ఒకసారి 20, ఒకసారి 45, ఒకసారి 30. అడుగులు లెక్కపెట్టి కొట్టడం, ఎంత తప్పిందో మళ్ళీ అడుగులతో కొలవడం. రెండు నెలలకి నా త్రీపట్లు ఆటకి ఒకటో రెండో మిగిలాయి. పట్టర్ అదే పాతది.

అతనికి ఈ విద్య పుట్టుకతో రాలేదు. చిన్నప్పుడు సాయంత్రాలు, సభ్యులు వెళ్ళాక, ఎవరో పారేసిన పట్టర్ తో చీకటి పడేదాకా ఆడేవాడట. ఇండియన్ ఓపెన్ గెలిచిన మొదటి భారతీయ ప్రొఫెషనల్ అలీ షేర్ (1991) క్యాడీగా మొదలైనవాడే. చౌరాసియా వాళ్ళ నాన్న కలకత్తాలో గ్రీన్లు చూసుకునే పనివాడు.

ఇప్పుడు మా క్లబ్బులో ప్రాక్టీసు గ్రీన్ మీద క్యాడీలు ఆడకూడదని బోర్డు పెట్టారు. సాయంత్రం కూడా. గ్రీన్ పాడవుతుందట. మడమ తిప్పుతూ గుంతలు చేసేది మేము, మధ్యాహ్నం వాటిని సరిచేసేది వాళ్ళు. ఫీల్ పుట్టుకతో వస్తుందని నమ్మేవాళ్ళకి ఈ బోర్డు వల్ల వచ్చే నష్టమేంటో కనపడదు మరి. వారానికి రెండు సాయంత్రాలైనా వాళ్ళకి వదలమని కమిటీకి ఉత్తరం రాశా. సంతకం పెట్టమని ఆ టీ దగ్గరి పెద్దాయన్నే అడిగా. ముందు లైన్ సరిచేసుకో బాబూ అన్నారు.