ఆరోగ్య ప్రసంగము: నొప్పి పోయిన పిదప



మొన్నటి వేసవిలో మా వీథిలోని యొక కోడలు బిందె చంకనిడుకొని బోరింగు కడకు పోవుచుండగా, అత్తగారు వాకిటనుండి కేకవేసి యాపినది. దానికి కారణము కోపము కాదు, ఒక ఎక్స్‌రే పటము.

ఆ కోడలికి మోకాలి యొద్ద ఎముకలో కణితి పుట్టెను. వైద్యులు దానిని జెయింట్ సెల్ ట్యూమరందురు. ఇది తఱచుగా ఇరువది నలువది యేండ్ల నడిమివారికి వచ్చును. సాధారణముగా ప్రాణము తీయదు గాని యెముకను డొల్లచేయును, తీసినను మరల మొలచును. అందుచే కణితిని గోకి తీసి, ఆ గుంటలో ద్రవ నత్రజనిని పోయుదురు. దాని చలి సున్నకు దిగువ 196 డిగ్రీలు! మిగిలిన కణితి శేషమును గూడ నశింపజేయుటకే యీ చలి. పిదప గుంటను ఎముక ముక్కలతోనో సిమెంటుతోనో నింపుదురు. న్యూయార్కులో మార్కోవ్ అను శస్త్రవైద్యుడు 1960 దశకమున ఈ పద్ధతిని ఆచరణకు దెచ్చెను.

అయితే చలికి కణితి యని, ఎముక యని భేదము లేదు. చుట్టునున్న మంచి యెముకయు కొంతమేర చచ్చును. ఆ నిర్జీవాస్థి పందిరివలె నిలువగా, క్రొత్త యెముక తీగవలె మెల్లగా అల్లుకొనును. అందుకు నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు పట్టును. ఆ నడుమ నొప్పి లేకపోవచ్చును గాని బలమును ఉండదు, బరువెత్తినచో విఱుగును.

దీనిని కనిపెట్టుటకే పటములు. 1895లో రంట్జెన్ పండితుడు తన భార్య చేతి యెముకలను ఉంగరముతో సహా పటమెక్కించిన విద్యయే యిది. క్రొత్త యెముక తెల్లగా చిక్కబడుచున్నదా, సన్నని చీలిక గలదా, సిమెంటు చుట్టు నల్లని ఖాళీ పెరుగుచున్నదా యని వైద్యులు చూతురు. ఆ ఖాళీ పెరిగినచో కణితి తిరుగబెట్టెనేమో యని శంక. అప్పుడు మూలుగను గూడ చూపగల ఎమ్.ఆర్.ఐ. తీయింతురు. అరుదుగా నీ కణితి ఊపిరితిత్తులకు పాకును గనుక ఱొమ్ము పటమును తీయుదురు.

మా వీథి కోడలికి మూడవ నెలలో నొప్పి పోయెను. “ఇక కర్నూలు ప్రయాణమెందుకు? బస్సు ఖర్చు దండుగ” అని అత్తగారే యనిరి. ఎట్లో పోయిరి. పటములో ఎముక యింకను పలుచగానే యుండెను. వైద్యుడా పటమును అత్తగారికే చూపి, నీళ్లు మోయరాదనెను.

కావున అక్కచెల్లెండ్రారా, చెప్పిన గడువునకు తప్పక పోవలెను; మొదటి రెండేండ్లు మఱియు ముఖ్యము. పాత పటములను పాఱవేయక, మడవక, పెట్టెలో దాచి వెంట గొనిపోవలెను. పాతదానితో పోల్చినగాని క్రొత్తదాని యర్థము తేలదు. గర్భమున్న యనుమానమున్నచో పటము తీయువారికి ముందే చెప్పవలెను.

ఆనాడు కేకవేసిన అత్తగారు బిందెను తానే యందుకొనిరి. పటముకంటె నాకదియే గొప్ప వైద్యముగా దోచెను.