గర్భిణికి పరీక్ష, భర్తకు మినహాయింపా?

కోడలు గర్భవతి యని తెలిసినది మొదలు మన యిండ్లలో ఆదరణకు కొదువ లేదు. పాలు, పండ్లు, కుంకుమపువ్వు సమకూర్తురు. శ్రీమంతమునకు ముహూర్తము పెట్టింతురు. ఇన్ని చేసియు, తొలి నెలలలోనే చేయింపవలసిన రక్తపరీక్షను మాత్రము, ఏడవ నెలలో పుట్టింటికి పోయిన పిదప చూచుకొందురులే యని వాయిదా వేయు కుటుంబములు కలవు. మేము చెప్పుచున్నది సవాయి పరీక్షను గూర్చి. ఆ పేరు కంటబడగానే పత్రికను మడిచివేయు చదువరు లుందురని మే మెరుగుదుము. వారికొరకే వ్రాయుచున్నాము.

తల్లి రక్తమున నున్న ఈ వ్యాధిబీజము మావిని దాటి శిశువును చేరును. ఆమెకు పుండుగాని నొప్పిగాని లేకపోవచ్చును. చికిత్స జరుగనిచో, ముఖ్యముగా వ్యాధి క్రొత్తగా సోకినదైనపుడు, సగమునకు మించిన గర్భములకు హాని కలుగును. శిశువు గర్భముననే మరణింపవచ్చును. నెలలు నిండకయే పుట్టవచ్చును. పుట్టునపుడు చక్కగానే యుండి, పిదప ఎముకలు, పండ్లు, కన్నులు, చెవులు చెడవచ్చును. 2022లో ప్రపంచమున సుమారు 7 లక్షల శిశువులకు ఈ వ్యాధి తల్లినుండి సంక్రమించెననియు, అందు లక్షన్నర గర్భముననే నశించెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. గర్భము నిలువకపోవుటకు కారణము లనేకములు. అట్టి సందర్భమున నాగప్రతిష్ఠ చేయించువారిని మేము వలదనము. రక్తపరీక్షయు చేయింపుడనియే మా మనవి.

ఇది మందు లేని రోగము కాదు. పెన్సిలిన్‌తో ఇది కుదురునని అమెరికా వైద్యుడు మహోనీ 1943లోనే చూపెను. వ్యాధి క్రొత్తదైనచో బెంజతీన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్ల మోతాదు ఒక్కసారి చాలును. పాతదైనచో వారమున కొకటి చొప్పున మూడు మోతాదులు కావలెను. గర్భస్థశిశువును కాపాడుటకు నమ్మదగిన మందు వేరొకటి లేదు. ప్రసవమునకు 30 దినములకు ముందే చికిత్స ఆరంభము కావలెను. ఏడవ నెలవరకు వేచియుండి, కాన్పు ముందుగానే వచ్చినచో, ఈ గడువు దక్కునా? అంతవరకు శిశువునకు జరిగిన హానిని మరలింప నెవరి తరము?

ఇక అసలు సంగతి. పరీక్షలో వ్యాధి తేలిననాడు ఇంటిలో తలవంచుకొనవలసి వచ్చునది కోడలే. ఎక్కడినుండి తెచ్చెనని అత్తవారు అడుగుదురు. తమ కుమారుని అడుగరు. ఈ రోగపు చరిత్రయంతయు ఇట్టిదే. దీనిని ఇటలీవారు ఫ్రెంచిరోగ మనిరి, ఫ్రెంచివారు నేపుల్సురోగ మనిరి. మన భావమిశ్రుడు 16వ శతాబ్దిలో భావప్రకాశమున ఫిరంగరోగ మనెను. ఎవరును తమదని ఒప్పుకొనలేదు! దేశములమధ్య ఇది హాస్యమున కైనను పనికివచ్చును, సంసారమున ప్రాణాంతకము. భార్యకు సూదిమందు వేయించి భర్త తప్పించుకొన్నచో, వ్యాధి మరల ఆమెను చేరును. చికిత్స వ్యర్థమగును. పట్టభద్రుడైనను, పదియెకరముల ఆసామియైనను ఈ నియమమునకు మినహాయింపు లేదు.

2016 నుండి ప్రతిమాసము 9వ తేదీన ప్రభుత్వ వైద్యశాలలలో గర్భిణులను ఉచితముగా పరీక్షించు ఏర్పాటు కలదు. హెచ్.ఐ.వి.ని, సవాయిని ఒక్క రక్తపుబొట్టుతో కనుగొను పరీక్షయు వచ్చినది. పొరుగున నున్న సింహళము ఈ రెండును తల్లినుండి బిడ్డకు సంక్రమింపకుండ నిర్మూలించెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ధ్రువపరచెను. మనకు చేతగాకపోవుట కేమి కారణము? పరీక్షాసామగ్రియు పెన్సిలిన్‌యు ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున నెల్లప్పుడును ఉండునట్లు ప్రభుత్వము చూడవలెను. ఫలితమును గుట్టుగా నుంచు బాధ్యత వైద్యులది. వచ్చు 9వ తేదీన భార్యను వైద్యశాలకు గొనిపోవు భర్త వెలుపల బల్లపై కూర్చుండక తన చేతినికూడ చాచవలెను. ఫలితము తెలియుటకు అరగంట చాలును.