అరచేతి కొలత బొమ్మలు

సికాకోలు సర్కారు, అంటే మన శ్రీకాకుళం ప్రాంతం, గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో ఉండేది. ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జుమ్మా మసీదు నేటికీ శ్రీకాకుళంలో నిలిచి ఉంది. సాహిత్యం చదివినవారికి గోల్కొండ ఇంకా దగ్గర. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఇబ్రహీం కుతుబ్‌షాకు అంకితమిచ్చాడు. ఆ సుల్తానును మల్కిభరాముడని మనవాణ్ణి చేసుకున్నాం. ఆ వంశం నీడన కాగితం మీద వెలిసిన బొమ్మల ఊసు మాత్రం మన సాహిత్య చరిత్రల్లో రాదు.

రావాలి. ఎందుకంటే ఆ అరచేతి కొలత బొమ్మ, అంటే సూక్ష్మచిత్రం, చాలావరకు పుస్తకంలో పుట్టిన కళ. 1572 నాటి గోల్కొండ వైద్యగ్రంథం, జఖీరా ప్రతి ఒకటి, బొమ్మలతో సహా ఇప్పుడు డబ్లిన్‌లో ఉంది. మహమ్మద్ కులీ కుతుబ్‌షా దక్కనీ కవితల సచిత్ర ప్రతి సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉంది. ఆ బొమ్మల్ని చూసే తీరూ పుస్తకం చదివే తీరే: ఒళ్లో పెట్టుకుని, తల వంచి.

పనితనమూ ఆ దగ్గరి చూపుకు తగినదే. ఇంగిలీకం, హరిదళం, నీలిమందు మెత్తగా నూరి బంకతో కలుపుతారు. తెల్లరంగు చేర్చినచోట కింది గీత కనబడనంత దట్టమైన పూత వస్తుంది. ఆరాక కాగితాన్ని బోర్లించి, అకీకు రాయితో వెనకనుంచి రుద్దితే రంగుకు నిగారింపు వస్తుంది. కనురెప్పలు, జరీ అంచులు చివర్న, ఉడుత తోక వెంట్రుకల కుంచెతో.

మన తెలుగు కావ్యాలు మాత్రం తాటాకు మీద గంటంతో సాగాయి. అక్కడ రంగుకు చోటు తక్కువ. అయినా ఉద్దానం దాటితే వచ్చే ఒడిశాలో అదే తాటాకు మీద గంటంతోనే బొమ్మలు చెక్కి, గీతల్లో మసి నింపారు. తాటాకు, కాగితం, గంటం, కుంచె: వీటిని కలిపి చెప్పుకుంటేనే మన పుస్తక చరిత్ర పూర్తవుతుంది.

హరిశ్చంద్రపురం విద్యార్థికి హైదరాబాదు మ్యూజియాలు ఒక రాత్రి రైలు దూరం. సెల్‌ఫోనులో పెద్దది చేసి చూస్తే కుంచె గీత తెలుస్తుంది గాని బొమ్మ కొలత తెలియదు. అసలు కొలతలోనే అచ్చువేసిన నకళ్లను పలాస, టెక్కలి గ్రంథాలయాలకూ, పల్లె బడులకూ పంపమని మ్యూజియాలను కోరుతున్నాం. ప్రబంధ వర్ణనలు చెప్పే రోజున తెలుగు ఉపాధ్యాయులే వాటిని పిల్లల చేతుల్లో పెట్టాలి. మా వంతుగా వచ్చే సంచిక నుంచి నడిమి పేజీలో ఒక దక్కనీ చిత్రాన్ని దాని సొంత కొలతలో వేస్తాం. పక్కనే ఆ కాలపు తెలుగు కావ్యాన్ని పరిచయం చేస్తాం.