థీమ్ పార్కుల్లోకి కెమెరా స్టాండు: ఫొటోగ్రాఫర్ల సంఘం సర్వసభ్య సమావేశ తీర్మానం

ఆగస్టు 19 ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం. 1839లో ఇదే రోజున ఫ్రాన్స్ ప్రభుత్వం డాగురే కనిపెట్టిన పద్ధతిని లోకానికి వెల్లడించింది. ఏటా చేసినట్టే ఈసారీ పొద్దున డాగురే పటానికి పూలమాల వేసి, మధ్యాహ్నం సర్వసభ్య సమావేశం జరుపుకున్నాం. అధ్యక్షులవారు సభ నడిపించారు. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్లు, స్టూడియో యజమానులు, పత్రికల ఫొటోగ్రాఫర్లు, ఇష్టం కొద్దీ కెమెరా పట్టినవాళ్లు హాజరయ్యారు. ఎజెండాలో నాలుగో అంశం, థీమ్ పార్కుల్లోకి కెమెరా స్టాండు తీసుకెళ్లడం. సుదీర్ఘ చర్చ తర్వాత ఆమోదం పొందిన తీర్మానం పూర్తి పాఠం ఇది.

సమావేశం పరిగణనలోకి తీసుకున్న విషయాలు

ఒకటి. స్టాండు మన వృత్తితో పాటే పుట్టింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్ గాజు పలకల మీద హైదరాబాదును బొమ్మ కట్టిన రోజుల్లో మూడుకాళ్ల స్టాండు లేనిదే ఫొటో లేదు. ఇవాళ పగటి వెలుగులో దాని అవసరం చాలావరకు తీరిపోయింది. పొద్దుగూకాక మాత్రం తీరలేదు. 50 ఎం.ఎం. లెన్సుతో తీసేటప్పుడు షట్టరు సెకనులో 50వ వంతు కంటే నెమ్మదిస్తే చేతి వణుకు బొమ్మలో పడుతుందన్నది మనకు గురువులు నేర్పిన లెక్క. కొత్త కెమెరాలు ఆ వణుకును కొంత ఆపుతున్నాయి. కానీ దీపాలు వెలిగిన జెయింట్ వీల్ తిరుగుతూ ఆకాశంలో గీసే వెలుగు చక్రాన్ని పట్టాలంటే షట్టరు రెండు మూడు సెకన్లు తెరిచి ఉండాలి. బాణసంచా పువ్వు విచ్చుకోవడం మొదలుకొని రాలిపోయేదాకా ఒకే ఫ్రేములో రావాలన్నా అంతే. అంతసేపు కదలకుండా నిలబడే చెయ్యి ఎవరికీ లేదు. ఐఎస్ఓ పెంచి తీస్తే చక్రం ఆగిపోయినట్టు పడుతుంది, చీకటి నిండా గ్రెయిన్స్ వస్తాయి.

రెండు. స్టాండుకు ఇంకో పని ఉంది. అది వృత్తి పని కాదు, ఇంటి పని. ఏ కుటుంబం ఆల్బమ్ తిరగేసినా ఒక మనిషి ఎక్కడా కనబడడు. ఆ ఫొటోలన్నీ తీసినవాడే ఆ మనిషి. స్టాండు వేసి టైమరు నొక్కి, పది సెకన్లలో పరుగెత్తుకొచ్చి అమ్మ పక్కన నిలబడ్డప్పుడే ఆయన కూడా ఆ కుటుంబంలో ఒకడని బొమ్మ చెబుతుంది.

మూడు. మన సభ్యుడొకరు తన అనుభవం చెప్పారు. తల్లిని, అక్కచెల్లెళ్ల కుటుంబాలను తీసుకుని, టికెట్లు ముందే కొనుక్కుని ఒక పార్కుకు వెళ్లారు. గేటు దగ్గర బ్యాగుల తనిఖీలో మూరెడు పొడవున్న మడత స్టాండు బయటపడింది. "ఇది షూటింగు సామాను సార్, లోపలికి పోదు" అన్నారు. ఆ మాట టికెట్ మీద లేదు, బోర్డు మీదా లేదు. రసీదు ఇవ్వకుండా గేటు పక్కన గోడకు ఆనించి పెట్టించారు. సాయంత్రం ఫౌంటెన్ ముందు పదకొండు మందీ వరసగా నిలబడితే, దారిన పోయే కుర్రాణ్ణి బతిమాలి ఫోను చేతికిచ్చారు. ఆ ఫొటోలో వాళ్లమ్మగారి తల నుదుటిదాకే ఉంది, పైభాగం తెగిపోయింది. తిరిగి వచ్చేసరికి స్టాండు ఒక కాలు క్లిప్పు విరిగి ఉంది. "క్లిప్పుదేముందండీ, నూట యాభై రూపాయలు పెడితే వేయించుకోవచ్చు. మరుసటేడు అమ్మ పోయింది. ఆ రోజు అందరం కలిసి ఉన్న ఫొటో అదొక్కటే" అని ఆయన చెప్పినప్పుడు సభ నిశ్శబ్దంగా విన్నది.

నాలుగు. ఆ వెంటనే ఒక సభ్యురాలు లేచి తన తప్పు తానే ఒప్పుకున్నారు. లైట్ల ప్రదర్శన చూసే గుంపులో ఆమె స్టాండు వేశారు. మసక చీకటి, నల్లటి కాళ్లు, అందరి చూపూ పైనే. మనవణ్ణి ఎత్తుకుని వెనక్కి అడుగు వేసిన ఒక పెద్దావిడ ఆ కాలు తట్టుకుని పడ్డారు. పిల్లాడికి ఏమీ కాలేదు. పెద్దావిడ మణికట్టు కళ్లముందే వాచింది. "నాకు ఆ రోజు మంచి ఫొటో వచ్చింది. ఇప్పటిదాకా ఎవరికీ చూపించలేదు" అన్నారామె.

ఐదు. ఈ రెండు అనుభవాలూ నిజమే. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని మరుగుపరచడం ఈ సంఘానికి తగదు. ఐదడుగుల ఎత్తుకు లేపి కాళ్లు పూర్తిగా తెరిస్తే స్టాండు నేల మీద ఒక్కో వైపు దాదాపు మూడున్నర అడుగులు పరుచుకుంటుంది. గుంపులో అది ముగ్గురు నలుగురు నిలబడే జాగా. తొక్కిసలాట జరిగినా మంటలు లేచినా జనం పరుగెత్తాల్సిన దారిలో అది అడ్డుకట్ట. కదిలే రైడ్ మీద చేయి జారిన ఏ వస్తువైనా కింద ఉన్నవాళ్ల మీద రాయిలా పడుతుంది. కాబట్టి పార్కుల భయాలకు కారణం ఉంది.

ఆరు. బయటి దేశాల్లో ఈ చిక్కును ఎలా విప్పుకున్నారో సమావేశం పరిశీలించింది. 2015 జూన్‌లో అమెరికాలోని కాలిఫోర్నియా డిస్నీ పార్కులో ఒక సందర్శకుడు రోలర్ కోస్టర్ మీద సెల్ఫీ కర్ర తీయడంతో ఆ రైడ్‌ను గంటసేపు ఆపేయాల్సి వచ్చింది. ఆ నెల 30 నుంచి అమెరికాలోని డిస్నీ పార్కులు సెల్ఫీ కర్రలను గేటు దగ్గరే నిషేధించాయి. స్టాండు విషయంలో మాత్రం ఆ సంస్థ ఒక కొలత పెట్టుకుంది. మామూలు వీపు సంచిలో పట్టనిదీ, ఆరడుగులు దాటి లేచేదీ తేకూడదు. టోక్యో డిస్నీ రిసార్టు ఇంకా కఠినం, అక్కడ స్టాండు వాడటమే కుదరదు. ఒకటి కొలతతో అనుమతి, ఇంకొకటి పూర్తి నిషేధం. రెండింటిలోనూ రూలు రాసి ఉంది. ఇంటి దగ్గరే చదువుకుని సామాను సర్దుకునే వీలు సందర్శకుడికి ఉంది.

ఏడు. మన దగ్గర "స్టాండు ఉందంటే షూటింగే" అనే ఆలోచనకు పాత మూలం ఉంది. కేంద్ర రక్షణలోని కట్టడాలకు వర్తించే 1959 నాటి నిబంధనలు ఎనిమిది మిల్లీమీటర్ల ఫిల్ము దాటని, స్టాండు అక్కర్లేని చేతి కెమెరాను మామూలు ఫొటోలతో ఒకే గాటన కట్టాయి. అంతకంటే పెద్ద ఫిల్ముతో, స్టాండుతో తీసేదాన్ని సినిమా చిత్రీకరణగా లెక్కగట్టాయి. ఆ కాలానికి అది సరైన గీతే. గోల్కొండకు స్టాండు మోసుకొచ్చేది అప్పట్లో సినిమా కంపెనీలే. ఇవాళ చేతిలో ఫోను పట్టుకుని, స్టాండు లేకుండానే నగల దుకాణానికి ప్రకటన మొత్తం తీసేస్తున్నారు. మనవలతో వచ్చిన తాతగారు సంచిలో చిన్న స్టాండు తెచ్చుకుంటున్నారు. 1996లో మొదలై, షూటింగులకూ పర్యాటకులకూ ఒకే ప్రాంగణంలో చోటిచ్చిన రామోజీ ఫిల్మ్ సిటీ ఉన్న ఊరు మనది. సినిమా వాళ్లకూ చూడ్డానికి వచ్చినవాళ్లకూ తేడా ఏమిటో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ తేడా స్టాండులో లేదు, వచ్చిన పనిలో ఉంది.

ఎనిమిది. డబ్బిచ్చి కొంటున్న సేవ గురించి ముందుగా తెలుసుకోవడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 గుర్తించిన హక్కు. టికెట్ అమ్మేటప్పుడు చెప్పని షరతును గేటు దగ్గర బయటపెట్టడం ఆ హక్కు స్ఫూర్తికి విరుద్ధమని ఈ సమావేశం భావిస్తోంది.

తీర్మానం

పై విషయాలన్నీ పరిగణించి, ఈ సర్వసభ్య సమావేశం ఈ కింది విధంగా తీర్మానిస్తోంది.

మొదటి భాగం: మన సభ్యులకు మనం పెట్టుకునే కట్టుబాట్లు

1. వెళ్లబోయే పార్కు రూలు ముందే అడిగి తెలుసుకోవాలి. వద్దన్నచోట స్టాండును బ్యాగు అడుగున బట్టల కింద దాచి లోపలికి చేర్చడం సంఘ నియమావళి ప్రకారం తప్పు.

2. రైడ్ల మీద, క్యూ లైన్లలో, మెట్ల మీద, అత్యవసర ద్వారాల దగ్గర స్టాండు విప్పకూడదు. నీళ్లాటల దగ్గర, బట్టలు మార్చుకునే గదుల పరిసరాల్లో స్టాండే కాదు, కెమెరా కూడా బయటికి రాకూడదు.

3. చీకటి పడ్డాక విప్పే ప్రతి స్టాండుకూ మూడు కాళ్ల కింది భాగంలో రేడియం స్టిక్కరు ఉండాలి. పది రూపాయల స్టిక్కరు ఒక పెద్దావిడ మణికట్టును కాపాడుతుంది. స్టిక్కర్లు సంఘమే కొని సభ్యులకు ఉచితంగా ఇస్తుంది.

4. స్టాండు వేసినవారు దాన్ని వదిలి పక్కకు పోకూడదు. పది నిమిషాలకు మించి ఒకేచోట ఉండకూడదు. వెనక ఉన్నవాళ్లకు అడ్డం వస్తున్నామేమో చూసుకోవాలి, వాళ్లు చెప్పేదాకా ఆగకూడదు.

5. ప్రీ వెడ్డింగ్ షూట్లు, ప్రకటనలు తీసేవారు పార్కు నుంచి రాతపూర్వక అనుమతి తీసుకుని, రుసుము కట్టి వెళ్లాలి. చూడ్డానికి వచ్చినట్టు టికెట్ కొని లోపల వ్యాపారం చేసుకోవడం వల్లే మామూలు కుటుంబాలకు గేటు దగ్గర అవమానం జరుగుతోంది. ఆ బాధ్యత మనదే.

6. మన స్టాండు వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ సభ్యుడు అక్కడే ఉండి ప్రథమ చికిత్స అందేలా చూడాలి, వైద్యం ఖర్చు భరించాలి, వారం లోపు సంఘానికి తెలియజేయాలి.

7. గేటు దగ్గర సిబ్బందితో వాదులాడకూడదు. అక్కడ నిలబడ్డ మనిషి ఎండలో పొద్దుటి నుంచి బ్యాగులు చూస్తున్నాడు. ఆ రూలు రాసింది ఆయన కాదు. అభ్యంతరం ఉంటే యాజమాన్యానికి ఉత్తరం రాయాలి.

రెండో భాగం: తెలుగు రాష్ట్రాల్లోని పార్కుల యాజమాన్యాలకు విజ్ఞప్తి

1. స్టాండు మీద నిర్ణయం ఏదైనా సరే, టికెట్ మీద, వెబ్‌సైట్‌లో, గేటు బోర్డు మీద తెలుగులో రాసి పెట్టాలి. పూర్తి నిషేధమైనా రాసి ఉంటే గౌరవిస్తాం.

2. అనుమతిస్తే కొలత చెప్పాలి. మడిచినప్పుడు అడుగున్నర, లేపినప్పుడు ఐదడుగులు దాటకూడదని పెడితే కుటుంబాల అవసరానికి సరిపోతుందని మా అనుభవం.

3. చోటు చూపించాలి. జెయింట్ వీల్ కనబడేలా ఒకటి, లైట్ల ప్రదర్శన కనబడేలా ఒకటి, నడకదారికి దూరంగా నేల మీద పసుపు గీత గీసిన స్థలాలు రెండు చాలు.

4. సంక్రాంతి, దసరా, వేసవి సెలవుల రద్దీలో స్టాండును పూర్తిగా ఆపే అధికారం యాజమాన్యానికి ఉండాలి. ఆ తేదీలను ముందుగా ప్రకటించాలి.

5. గేటు దగ్గర తీసుకున్న స్టాండుకు టోకెను ఇచ్చి, లాకరులో పెట్టి, ఇచ్చిన స్థితిలోనే తిరిగి ఇవ్వాలి.

6. వ్యాపార చిత్రీకరణను స్టాండును బట్టి తేల్చకూడదు. లైట్లు, రిఫ్లెక్టర్లు, మేకప్, మార్చుకునే దుస్తులు, వెంట వచ్చిన బృందం, ఇవి చూసి తేల్చాలి.

7. చేతులు వణికే పెద్దలకు, వీల్ చైర్‌లో వచ్చేవారికి, ఒంటి చేత్తో కెమెరా వాడేవారికి చిన్న స్టాండు గానీ ఒంటికాలి స్టాండు గానీ అన్ని రోజుల్లోనూ అనుమతించాలి.

8. స్టాండు కుదరని పార్కుల్లో కనీసం ఫౌంటెన్ దగ్గర, ప్రవేశద్వారం దగ్గర ఒక్కో ఉద్యోగిని నియమించి, అడిగిన కుటుంబానికి వాళ్ల ఫోనుతోనే ఉచితంగా ఫొటో తీసి ఇవ్వాలి. ఆ ఉద్యోగులకు తలలు తెగకుండా ఫ్రేము కట్టడం నేర్పే బాధ్యత మా సంఘం డబ్బు తీసుకోకుండా మోస్తుంది.

మూడో భాగం: ప్రభుత్వాలకు విజ్ఞప్తి

రెండు రాష్ట్రాల పర్యాటక శాఖలు యాజమాన్యాలనూ ఫొటోగ్రాఫర్ల ప్రతినిధులనూ ఒకచోట కూర్చోబెట్టి, ప్రభుత్వ పార్కులకూ ప్రైవేటు పార్కులకూ వర్తించే నమూనా నిబంధనలు తయారు చేయాలని ఈ సమావేశం కోరుతోంది.

సవరణలు, ఆమోదం

"టికెట్ కొన్నాక స్టాండు వేసుకోవడం హక్కు, దానికి షరతులు ఉండకూడదు" అని ఒక సభ్యుడు ప్రతిపాదించిన సవరణ వీగిపోయింది. పక్కవాడూ టికెట్ కొన్నాడన్నదే సభ ఇచ్చిన జవాబు. రెండో భాగంలోని ఏడో అంశాన్ని చేర్చాలంటూ పోలియో బాధితుడైన ఒక స్టూడియో ఫొటోగ్రాఫరు ఇచ్చిన సవరణను సభ చప్పట్లతో స్వీకరించింది.

ప్రధాన కార్యదర్శి ప్రతిపాదించగా, కోశాధికారి బలపరచగా, సవరించిన తీర్మానాన్ని సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. ఈ తీర్మానం ఏ ఒక్క పార్కునూ ఉద్దేశించి చేసింది కాదని సభ స్పష్టం చేసింది.

అమలు చూడటానికి ఐదుగురు సభ్యులతో ఉపసంఘం ఏర్పాటైంది. చర్చలో తన తప్పు చెప్పుకున్న సభ్యురాలే దానికి కన్వీనరు. వచ్చే ఆగస్టు 19న ఉపసంఘం నివేదిక ఇవ్వాలి. అందులో మొదటి పేజీ మన సభ్యుల వల్ల జరిగిన తప్పులకు, తర్వాతి పేజీలు పార్కుల స్పందనకు కేటాయించాలి.

ప్రతులు: రెండు రాష్ట్రాల పర్యాటక శాఖలకు, పార్కుల యాజమాన్యాలకు, జిల్లాల ఫొటోగ్రాఫర్ల సంఘాలకు, నోటీసు బోర్డుకు.

(సంతకాలు)
అధ్యక్షులు, ప్రధాన కార్యదర్శి, కోశాధికారి